తాతను మాన్పించడం

నేను తిరిగి వచ్చిన రోజు మా పాప నన్ను చూసి ఏడవనూ లేదు, నవ్వనూ లేదు. వాళ్ళ తాత లుంగీ అంచు పట్టుకుని ఆయన కాళ్ళ వెనక్కి వెళ్ళి నిలబడింది. అక్కణ్ణుంచి తల ఒక్కటే బయటికి పెట్టి, "ఎవలు?" అని ఆయన్నే అడిగింది.

"అమ్మే! అమ్మ వచ్చేసిందే తల్లీ. ఎల్లు, ఎల్లి ఎత్తుకోమను" అన్నారు మా మామయ్యగారు.

పాప కదలలేదు. నేను కింద కూర్చుని, తెచ్చిన పాలకోవా పొట్లం విప్పి చెయ్యి చాచాను. కాసేపు నన్నూ కోవానూ మార్చి మార్చి చూసింది. ఆఖరికి వచ్చి, నా చేతిలోంచి కోవా తీసుకుని, గిరుక్కున తిరిగి తాత చేతిలో పెట్టి నోరు తెరిచింది. ఆయన పెడితే తింది.

"అలవాటు తప్పింది కదమ్మా. అదే వచ్చేత్తాదిలే" అన్నారాయన, తప్పేదో తనే చేసినట్టు.

పాప పుట్టిన ఆర్నెల్లకి నాకు దగ్గు పట్టుకుంది. తగ్గలేదు. రాజమండ్రిలో చూపిస్తే కఫం పరీక్ష చేసి క్షయ అన్నారు. మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలు పిల్లకి జాగ్రత్తగా ఉంటే చాలన్నారు డాక్టరమ్మ గారు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళు దాన్ని మందులు పూర్తిగా అయిపోయేదాకా అని తీసుకున్నారు. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసినదాన్ని. ఆవిడ అన్నదేంటో మళ్ళీ అడిగి తెలుసుకోవాలని కూడా తోచలేదు. పిల్లకి అంటుకుంటుందన్న భయం ఒక్కటే బుర్రలో ఉంది. వీధిలో పచ్చకామెర్లని చెప్పారు. పాలు ఆగిపోవడానికి మా అమ్మ రవికెలో మల్లెపూలు పెట్టి గుడ్డతో బిగించి కట్టింది. అలా కట్టుకునే ద్రాక్షారామం పక్కన మా పుట్టింటికి వెళ్ళిపోయాను. మధ్యలో మందులు పడక, ఆపి, మళ్ళీ మొదట్నుంచి వాడాల్సి వచ్చింది. ఏడాది దాటిపోయింది.

మా అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. మా ఆయన గణేష్‌బాబుకి కడియపులంకలో ఇంటిని ఆనుకునే చిన్న నర్సరీ. తెల్లారితే మొక్కలు, పొద్దుగూకితే లారీలు. అందుకని పాప మా మామయ్యగారి పాలబడింది. బుల్లబ్బాయి గారంటే కడియంలో తెలియనివాళ్ళు లేరు. మోకాళ్ళు వాచిపోయి పని మానేశాక అరుగు మీద కూర్చుని పేపరు చదువుకునే మనిషి, పాలసీసాలు మరగబెట్టడం, లాల పొయ్యడం, సాంబ్రాణి వెయ్యడం నేర్చుకున్నారు. మొదట్లో వీధంతా నవ్విందట. ఎదురింటి రత్తమ్మ పిన్ని రోజూ గుమ్మంలోకి వచ్చి, "ఏవండీ బుల్లబ్బాయి గారూ, బాలింతలకి పెట్టే కాయం తిన్నారా? నడుం కట్టు కట్టుకున్నారా?" అని అడిగేదట. "తిన్నానమ్మా, నీకూ కాస్త దాచాను, నీ తరువాయి కాన్పుకి" అనేవారట ఈయన. ఆవిడకి మనవలున్నారు.

నేను వచ్చేసరికి ఆ ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరిపోయి ఉంది. నర్సరీలో బోర్లించిన మట్టికుండీ మీద పాపని కూర్చోబెట్టి, "ఇది గులాబీ ముద్ద, ఇది మందారం ముద్ద, ఇది లిల్లీది, దానికి పంటి నెప్పంట, నువ్వే తినెయ్యమంది" అంటూ పెట్టేవారు. గిన్నె ఖాళీ అయ్యేది. మధ్యాహ్నం ఆయన పడక్కుర్చీలో వాలితే, ఆయన రొమ్ము మీద బోర్లా పడుకుని, ఆయన గురక మొదలయ్యాకే అది కళ్ళు మూసేది.

నేను అవే మాటలు అప్పజెప్పాను. గులాబీ ముద్ద అన్నాను. పాప పెదవులు బిగించి, నా భుజం మీదుగా తాత కోసం చూసింది. లాల పొయ్యబోతే వీధిలోవాళ్ళు పరిగెత్తుకొచ్చేలా అరిచింది. నన్ను ఏమని పిలవాలో దానికి తెలియలేదు. నేను గదిలోకి వస్తుంటే, "తాతా, ఆవిడ వత్తంది" అనేది.

రత్తమ్మ పిన్ని అది విని ముక్కు మీద వేలేసుకుంది. "ఏవమ్మా సత్యవేణీ, నీ కూతురు నిన్ను అద్దెకొచ్చినదాన్ని చూసినట్టు చూత్తందేంటి!"

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒకటే భయం. ఈ పిల్ల నన్ను ఎప్పటికీ అమ్మ అనుకోదేమో. రోగం వదిలింది కానీ నా పిల్ల కూడా దాంతోపాటే వదిలిపోయిందేమో. తాత దాన్ని ఎత్తుకుని ముద్దాడుతుంటే చూడలేక వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆయన మీద కోపం వచ్చేది. కోపం వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసేది. ఏడాది పైగా నా బిడ్డని సాకిన మనిషి కదా.

ఆ రోజుల్లోనే మా అమ్మ మంగాయమ్మ చూడ్డానికి వచ్చింది. ఒక పూటంతా గమనించి తేల్చేసింది.

"మరిగిందే. పాలు మరిగినట్టు మనిషిని మరిగింది. మాన్పించాలి."

"మాన్పించడమేంటే అమ్మా?"

"నీకు పాలెలా మాన్పించాననుకున్నావు? వేపాకు నూరి రాశాను. రెండ్రోజులు గుక్కపట్టి ఏడ్చావు. ఆ తరవాత బుద్ధిగా పెరుగన్నం తిన్నావు. ఏం, చచ్చిపోయావా? గుండ్రాయిలా లేవూ?"

"మనిషికి వేపాకు ఎక్కడ రాస్తాం?"

"అన్నయ్యగారే చేదవ్వాలి" అని, మా అమ్మ అరుగు మీదకి వెళ్ళింది. "అన్నయ్యగారూ, మీరు దాన్ని ఓ రెండుసార్లు గట్టిగా కసరండి. అది జడిసి తల్లి దగ్గరికి పరిగెడతాది."

మామయ్యగారు ఆవిడ వంక అయోమయంగా చూశారు. కానీ వియ్యపురాలి మాట కాదనలేదు. పాప వచ్చి మోకాలు పట్టుకోగానే, కోళ్ళని అదిలించే గొంతుతో, "పో! నా దగ్గరికి రాకు, పో!" అన్నారు. పాప ఒక్క క్షణం చూసి, అదేదో కొత్త ఆటనుకుని, కాలు నేలకేసి కొట్టి, "పో!" అని తిరిగి అరిచింది. ఆయన మళ్ళీ పో అన్నారు. అదీ పో అంది. ఇద్దరూ కాసేపు అలా అరుచుకున్నాక ఆయనకి నవ్వు ఆగలేదు.

"నా వల్ల కాదు చెల్లెమ్మా. నాకు కోపం నటించడం రాదు" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ.

"అయితే కనపడకుండా ఉండాలి. సామర్లకోటలో కూతురుంది కదా మీకు. ఓ నెల్లాళ్ళు అక్కడుండి రండి. ఈలోపు ఇది తల్లికి మాలిమి అవుతాది."

ఆయన మోకాళ్ళు రాసుకుంటూ కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన నా వైపు చూశారు. వద్దని నేను ఒక్క మాట అంటే ఆగిపోయేవారు. నేను తల దించుకున్నాను.

"అలాగే చెల్లెమ్మా. పిల్ల తల్లిది. నేను మజ్జిలో వచ్చినోణ్ణి" అన్నారు. కాస్త ఆగి, "దానికి చెప్పి ఎల్తాను" అన్నారు.

"భలేవారే! చెప్తే వదులుతాదా? ఎక్కడన్నా పిల్లలకి చెప్పి బయల్దేరతారేంటండీ? నిద్దరపోయినప్పుడు ఎల్లిపోవాలి."

అది నిజమే. మా వైపు ఎవరూ చంటిపిల్లలకి చెప్పి వెళ్ళరు. చెప్తే ఏడుస్తారు, ఏడుపు ఎదురొస్తే ప్రయాణం మంచిది కాదంటారు. నన్ను దూరంగా పంపిన రోజు నేనూ పాప నిద్రలో ఉండగానే వెళ్ళాను.

మర్నాడు మధ్యాహ్నం పాప ఆయన రొమ్ము మీద నిద్రపోయాక నేనే దాన్ని మెల్లిగా తీసి మంచం మీద పడుకోబెట్టాను. ఆయన చొక్కా మీద దాని చొంగ తడి ఉంది. మార్చుకోమంటే వద్దన్నారు. చప్పుడవుతుందని చెప్పులు చేత్తో పట్టుకుని వీధి చివరిదాకా వట్టికాళ్ళతో నడిచారు. మా ఆయన సంచీ పట్టుకుని వెనకాల వెళ్ళారు. అసలు ఈ వ్యవహారం మొదలైనప్పట్నుంచీ ఆయన ఎటూ చెప్పలేదు. తండ్రికీ పెళ్ళానికీ మధ్య ఏమని చెప్తారు?

పాప లేచి పడక్కుర్చీ చూసింది. తలుపు వెనక చూసింది. దొడ్లోకి వెళ్ళి బావి దగ్గర చూసింది.

"తాత ఏడీ?"

"బజారెళ్ళాడు. వచ్చేస్తాడు" అంది మా అమ్మ.

నేనూ అదే చెప్పాను. మా ఆయనా అదే చెప్పారు. నర్సరీలో పనిచేసేవాళ్ళందరికీ మా అమ్మ అదే నేర్పింది. పాప బోర్లించిన కుండీ మీద రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. ఎవరు పలకరించినా, "బజాలు" అని రోడ్డు చూపించింది.

మొదటి వారం నరకం. గుక్కపట్టి ఏడ్చింది. గిన్నె విసిరేసింది. నా చెయ్యి కొరికింది. పడక్కుర్చీ కర్రని పట్టుకుని ఊపుతూ పిలిచింది. "వేపాకు ఏడుపే ఇది. ఓర్చుకో" అనేది మా అమ్మ. నేను ఓర్చుకున్నాను.

అమ్మ చెప్పినట్టే జరిగింది. ఒక రోజు పాప ఏడుపు ఆపేసింది. నా చేత్తో పెడితే తింది. గులాబీ ముద్దలూ మందారం ముద్దలూ అక్కర్లేకుండా, పెట్టింది పెట్టినట్టు మింగింది. లాల పోస్తే నిలబడింది. పడుకోబెట్టిన చోట పడుకుంది. "అమ్మా అను" అంటే, "అమ్మ" అంది. మా అమ్మ గెలిచిన మొహంతో ఊరికి బయల్దేరింది. రత్తమ్మ పిన్ని వచ్చి పాప గడ్డం పట్టుకుని, "ఎంత బుద్ధిమంతురాలైపోయావే! ఎవరా మొండిపిల్ల, ఎక్కడికెళ్ళిపోయింది?" అని మెచ్చుకుంది.

నాకు సంతోషంగానే ఉంది. కొన్నాళ్ళు. అది నా చేతి ముద్ద తింటుంటే లోపల ఏదో నిండినట్టుండేది. కానీ అనమంటే తప్ప అది అమ్మా అనేది కాదు. నేను గదిలోంచి వెళ్ళినా తలెత్తేది కాదు, వచ్చినా తలెత్తేది కాదు.

మామయ్యగారు అప్పుడప్పుడు రోడ్డు మీది ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసేవారు. మా ఆయన వెళ్ళి మాట్లాడేవారు. ఒకసారి నేను పాపని కూడా తీసుకెళ్ళి, ఎందుకో ఆగలేక, ఫోను దాని చెవికి ఆనించాను. ఆయన గొంతు నాకూ వినిపిస్తోంది. "అమ్మడూ, తల్లీ, అన్నం తిన్నావా? పంటి నెప్పి లిల్లీ ఎలాగుంది?" అంటున్నారు. పాప కదలకుండా విన్నది. తరవాత ఫోను తోసేసి, బూత్ అబ్బాయి బల్ల మీదున్న కూల్‌డ్రింకు మూతలతో ఆడుకుంది. ఏడుస్తుందని భయపడ్డాను. ఏడవనందుకు ఇంకా భయం వేసింది, అదేంటో నాకే అర్థం కాలేదు.

ఆ వారమే విజయవాడ నుంచి క్రోటన్సు కొనడానికి ఒకాయన వచ్చారు. లావుపాటి మనిషి, పెద్ద మీసాలు. అలాంటివాళ్ళని చూస్తే మా పాప ఇదివరకు తాత లుంగీలో దూరేది. ఆ రోజు నడుచుకుంటూ వెళ్ళి ఆయన ముందు నిలబడి రెండు చేతులూ ఎత్తింది. ఆయన మురిసిపోయి ఎత్తుకున్నారు.

"ఎంత మంచి పిల్లండీ! కొత్తా పాతా లేదు. ఏమ్మా, మా ఊరొచ్చేస్తావా? లారీ ఎక్కేద్దామా?"

ఊ అంది. ఆయన సరదాకి దాన్నెత్తుకుని లారీ దాకా నడిచారు. డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు కూడా. నేను కుండీల వరసల్లో నిలబడి చూస్తున్నాను. ఒక్కసారైనా వెనక్కి తిరుగుతుందని చూస్తున్నాను. నా వైపు గానీ, ఇంటి వైపు గానీ, వాళ్ళ నాన్న వైపు గానీ. తిరగలేదు. డ్రైవరు హారన్ కొట్టి చూపిస్తే దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ లారీ నిజంగానే బయల్దేరినా అలాగే కూర్చునేదని నాకు తెలిసిపోయింది. పరిగెత్తుకెళ్ళి దించుకున్నాను. ఆయన నవ్వారు. "భయపడిపోయారాండీ? నాకూ మనవరాలుందండి" అన్నారు.

ఆ సాయంత్రమే అది పగిలిన కుండీ పెంకు మీద పడింది. మోకాలు చీరుకుని రక్తం కారింది. పాప లేచి నిలబడింది. రక్తం వైపు చూసుకుంది. ఏడవలేదు. నా దగ్గరికి రాలేదు, ఎవరి దగ్గరికీ రాలేదు. నేను వెళ్ళి పసుపు అద్దుతుంటే ఆ మంటకి కాలు వణికింది గానీ నోరు తెరవలేదు.

నేను నేరుగా మా ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన మామిడి అంట్లు చూస్తున్నారు. పెద్ద చెట్టు కొమ్మల పక్కన మంచె కట్టి, దాని మీద చిన్న మొక్కల కుండీలు పెట్టి, మొక్క కాండాన్నీ చెట్టు కొమ్మనీ చెక్కి, రెంటినీ కలిపి తాడుతో కట్టేస్తారు. రెండూ ఒకటయ్యాక కొమ్మని చెట్టు నుంచి కోస్తారు. ఆయన కత్తితో కొమ్మలు సగం సగమే కోస్తున్నారు.

"పూర్తిగా కొయ్యరేం?" అని అడిగాను.

"అతుక్కున్నా సరే ఒక్కసారి కొయ్యకూడదు. సగం కోసి కొన్నాళ్ళు వదిలెయ్యాలి. ఇటు అలవాటు పడ్డాక మిగతాది."

"అసలు అతుక్కోకముందే కోసేస్తే?"

"పోద్ది."

"వెంటనే తెలిసిపోతుందా?"

"తెల్దు. కొన్నాళ్ళు ఆకు పచ్చగానే ఉంటది. బతికిందనుకుని లారీ ఎక్కించేత్తాం. తీరా కొనుక్కున్నోడింటికి ఎల్లాక..." ఆయన మాట ఆపేసి నా చంకలో ఉన్న పాప వైపు చూశారు. పాప ఆకులు చూస్తోంది. చేతిలో కత్తి మంచె మీద పెట్టేశారు.

"నేను అప్పుడే అనాల్సింది" అన్నారు.

"మీరూ అనలేదు, నేనూ అనలేదు. రేపు సామర్లకోట వెళ్తాను."

"తీసుకొచ్చేత్తే మళ్ళీ నీ దగ్గరికి రాదేమోనే."

ఆ మాట నేను అప్పటికే వందసార్లు అనుకున్నాను. "రాకపోతే పోనీ. ఆయన దగ్గరికైనా వెళ్తుంది కదా. ఎవరో ఒకరి దగ్గరికి వెళ్ళాలి కదండీ" అన్నాను.

కడియంలో పాసింజరు ఎక్కాం, నేనూ పాపా. రైల్లో పాప ఎవరు పిలిస్తే వాళ్ళ ఒళ్ళో కూర్చుంది. అందరూ మెచ్చుకున్నారు.

మా ఆడపడుచు నాగరత్నం వదినగారి ఇల్లు స్టేషనుకి దగ్గరే. మామయ్యగారు వరండాలో చాప మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు ఒలుస్తున్నారు. గడ్డం మాసిపోయి ఉంది. మమ్మల్ని చూసి లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్ళీ కూర్చుండిపోయారు.

దారి పొడుగునా నేను ఒకటే ఊహించుకున్నాను. తాతని చూడగానే పాప నా చంకలోంచి దూకేస్తుందని. దానికి మనసు రాయి చేసుకునే వచ్చాను. పాప ఆయన్ని చూసింది. చూసి, మొహం నా మెడలో దాచేసుకుంది. రెండు చేతులతో నా రవికె గట్టిగా పట్టుకుంది. దానంతట అది నన్ను పట్టుకోవడం అదే మొదలు.

వదినగారు లోపల్నుంచి వస్తూ చూసి చప్పట్లు కొట్టారు. "అదిగో! తాతనే మర్చిపోయింది చూడు. తల్లిని ఎలా కరుచుకుందో! ఇంకేం నాన్నా, నీ ఉద్యోగం ఊడింది."

మామయ్యగారు నవ్వారు. "పోన్లే, మంచిదే. మనం కోరుకున్నదీ అదే కదా" అని చిక్కుళ్ళ పళ్ళెం తీసుకుని, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళబోయారు.

అక్కడితో సరిపెట్టుకుని మళ్ళీ రైలెక్కెయ్యొచ్చు. నేను ఇన్నాళ్ళూ ఏం కావాలని ఏడ్చానో అది నా మెడ పట్టుకుని ఉంది. కానీ పాప గుండె నా గుండెకి ఆని ఉంది. అది కోడిపిల్ల గుండెలా కొట్టుకుంటోంది.

"మామయ్యగారూ, వెళ్ళకండి" అన్నాను. "ఇది మర్చిపోలేదండి. మీ మీద కోపంగా ఉంది. కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. నేనూ చాప మీద ఎదురుగా కూర్చున్నాను. పాప ఒకసారి ఒంటికన్నుతో చూసి మళ్ళీ దాక్కుంది. ఆయన చేతులు చాచలేదు, పిలవలేదు. వదినగారు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. కాసేపయ్యాక నేలకేసి చూస్తూ, తనలో తను అనుకున్నట్టుగా అన్నారు.

"చెప్పకుండా వచ్చేశాను తల్లీ. నువ్వు నిద్దరపోతంటే వచ్చేశాను. అలా రాకూడదు."

పాప నా ఒళ్ళోంచి దిగింది. ఆయన దగ్గరికి నడిచి వెళ్ళి అరచేత్తో చెంప మీద ఒక్కటి కొట్టింది. మళ్ళీ కొట్టింది. "బజాలు!" అని అరిచింది. "బజాలు! బజాలు!" మోకాళ్ళ మీద కొట్టింది, చొక్కా గుంజింది, చిక్కుళ్ళ పళ్ళెం తన్నేసింది. అప్పుడొచ్చింది ఏడుపు. ఆయన పట్టుకోబోతే విదిలించుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి ఏడ్చింది. నేను ఎత్తుకోబోతే జారిపోయి ఆయన దగ్గరికి వెళ్ళి ఏడ్చింది. ఆ చాప మీద మా ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతూ ఏడ్చింది.

"అయ్యో, ఊరుకోబెట్టవేంటమ్మా! పిల్ల నీలుక్కుపోద్ది" అన్నారు వదినగారు.

"ఏడవనివ్వండి వదినగారూ. ఇన్నాళ్ళకి ఏడ్చింది" అన్నాను. నేనూ ఏడుస్తున్నాను. మామయ్యగారు చెంప మీద చెయ్యి పెట్టుకుని, అది తిమ్మిరెక్కేంత గట్టిగా పాప కొట్టినట్టు కూర్చున్నారు. ఆఖరికి పాప అలిసిపోయి ఆయన ఒళ్ళో తల, నా ఒళ్ళో కాళ్ళు పెట్టి నిద్రపోయింది. కదిలితే లేస్తుందని ఇద్దరం చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాం. చిక్కుళ్ళు వదినగారే ఏరుకున్నారు.

ఆయన మాతో వచ్చేశారు. ఆ తరవాత అన్నీ సుఖంగా జరిగాయని చెప్పను. మొదట్లో పాప ఆయన్ని పక్కకి కదలనివ్వలేదు. స్నానానికి వెళ్ళినా తలుపు బయట కూర్చునేది. నన్ను పట్టించుకోలేదు. నా పాత భయం పాత చోటికే వచ్చి కూర్చుంది. కానీ ఈసారి నేను వంటింట్లోకి వెళ్ళలేదు. ఆయన అన్నం పెడుతుంటే పక్కన కూర్చున్నాను. ఆయన ముద్ద పేరు చెప్పేవారు, నేను కలిపేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన పేరు చెప్తుంటే నేను పెట్టాను. ఒక రోజు ఆయనకి పొలమారి దగ్గుతుంటే, పాప నా వైపు తిరిగి, "ఇది దేనిది?" అన్నట్టు ముద్ద వైపు వేలు చూపించింది. "కనకాంబరంది" అన్నాను. నోరు తెరిచింది.

ఇంకొకటి మార్చాం. ఎవరు ఎక్కడికి వెళ్ళినా దానికి చెప్పి వెళ్ళాలన్నాను. మామయ్యగారు గడ్డం చేయించుకోవడానికి వెళ్ళినా, "తల్లీ, మంగలి దగ్గరికి ఎల్లొస్తాను" అని చెప్పేవారు. అది గేటు పట్టుకుని ఏడ్చేది. ఆయన నున్నటి చెంపలతో తిరిగొచ్చేవారు. అది ఆ చెంపలు తడిమి చూసుకునేది.

"చెప్పి మరీ ఏడిపించుకోవడం ఎక్కడి చోద్యమమ్మా!" అనేది రత్తమ్మ పిన్ని. మా అమ్మకి తెలిసి, నాతో కొన్నాళ్ళు సరిగ్గా మాట్లాడలేదు.

వానలు తగ్గాక నన్ను రాజమండ్రి రమ్మన్నారు, ఊపిరితిత్తులు ఒకసారి ఫొటో తీసి చూడాలని. పొద్దున్న వెళ్తే సాయంత్రానికి వచ్చెయ్యొచ్చు. ముందు రోజంతా ఫొటోలో ఏం వస్తుందో అన్న దిగులు కన్నా ఇంకో దిగులే ఎక్కువగా ఉంది. వెళ్తున్నానని చెప్తే అది ఏడవదేమోనని.

పొద్దున్నే కింద కూర్చుని చెప్పాను. "అమ్మ ఆసుపత్రికి వెళ్ళొస్తుంది. సాయంత్రం వచ్చేస్తుంది. తాత ఉంటాడు."

అది నా కొత్తచీర చూసింది, సంచీ చూసింది. సంచీ నా చేతిలోంచి లాగి అవతల పడేసింది. నేను సంచీ తీసుకుని లేవగానే మెడ పట్టుకుని వేలాడింది. తాత పట్టుకోబోతే ఆయన చెయ్యి తోసేసింది. "తాతొద్దు! అమ్మా!" అని ఒకటే అరుపు. ఎవరూ అనమని చెప్పలేదు.

"ఎల్లమ్మా, బస్సెల్లిపోద్ది" అన్నారు మామయ్యగారు, దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీస్తూ. ఒక వేలు తీస్తే ఇంకోటి పట్టుకుంటోంది. ఆయనకి నవ్వొస్తోంది. "అబ్బో, ఈ పట్టు చూడు! ఎల్లు ఎల్లు, నేను చూసుకుంటాను."

వీధి చివరిదాకా ఆ ఏడుపు వినిపించింది. రత్తమ్మ పిన్ని గుమ్మంలోంచి, "పిల్లని అలా ఏడిపించుకుని ఎల్తావేంటే?" అని కేకేసింది. "వచ్చేస్తాను కదా పిన్నీ" అన్నాను, ఆగకుండా.

రాజమండ్రిలో ఫొటో తీసే నర్సు నన్ను మెడలో గొలుసు తీసి పక్కన పెట్టమంది. తీస్తుంటే మండింది. ఆవిడ దగ్గరికొచ్చి చూసింది.

"ఏంటమ్మా ఈ గీతలు? పిల్లి గీరిందా?"

"మా అమ్మాయండి" అన్నాను.